బూజు పట్టిన పల్లీ నుంచి కోతి లివర్ దాకా: ఒక అరుదైన క్యాన్సర్‌ని ఎలా పట్టుకున్నారు?

ఈ ఎపిసోడ్‌లో మనం ఒక పోస్ట్‌మార్టం రిపోర్ట్ గురించి మాట్లాడుకుందాం. మనుషులది కాదు, కోతులది.

1979లో అమెరికాలో క్యాన్సర్ రీసెర్చ్ అనే జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. రాసింది సీబర్, కొరేయా, డాల్‌గార్డ్, ఆడమ్‌సన్ అని నలుగురు. విషయం ఏంటంటే, 47 కోతుల మీద ఒక విషాన్ని పరీక్షిస్తూ వచ్చారు. ఎన్ని రోజులు? రోజులు కాదు, 13 ఏళ్లు. పేపర్ రాసే టైమ్‌కి ఆ 47లో 35 కోతులకి పోస్ట్‌మార్టం అయిపోయింది. వాటిలో 13 కోతులకి క్యాన్సర్ ఉంది. కొన్నింటికి ఒకటి కంటే ఎక్కువే.

అందులో ఒక లైన్ దగ్గర నేను ఆగిపోయాను. లివర్‌లోనే పుట్టిన ట్యూమర్లు 5. వాటిలో 2 మామూలు లివర్ క్యాన్సర్. మిగతా 3 మాత్రం హీమాంజియోఎండోథీలియల్ సార్కోమా. పేరు చూసి భయపడకండి, విడదీసి చెప్తాను. "హీమ" అంటే రక్తం, "ఆంజియో" అంటే నాళం, "ఎండోథీలియం" అంటే ఆ నాళం లోపలి గోడకి అతుక్కుని ఉండే సన్నటి కణాల పొర. ఆ పొరలోంచి పుట్టే క్యాన్సర్ ఇది. ఇప్పుడు డాక్టర్లు దీన్ని ఎక్కువగా యాంజియోసార్కోమా అంటారు, జంతువుల్లో అయితే హీమాంజియోసార్కోమా అంటారు. మనుషుల్లో ఇది చాలా చాలా అరుదు. లివర్ క్యాన్సర్లన్నీ ఒక చోట పోగేసినా అందులో దీని వాటా వందకి ఒకటో రెండో.

అంత అరుదైనది 35 కోతుల్లో మూడుసార్లు ఎందుకు కనిపించింది? అసలు అది రక్తనాళాల క్యాన్సరే అని ఎలా తేల్చారు? ఈ కథకి మన హైదరాబాద్‌కి, మనం తినే పల్లీలకి ఏంటి సంబంధం? ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

కథ మొదలైంది కోడిపిల్లల లాంటి పిల్లలతో

1960, ఇంగ్లండ్. టర్కీ కోళ్ల ఫారాల్లో పిల్లలు కుప్పలు కుప్పలుగా చచ్చిపోతున్నాయి. కొన్ని నెలల్లో లక్షకి పైగా పోయాయి. ఏ వైరస్సో, ఏ బ్యాక్టీరియానో అని వెతికారు. ఏదీ దొరకలేదు. రోగం పేరు తెలియక "టర్కీ ఎక్స్ డిసీజ్" అని పెట్టారు. కారణం తెలియని బగ్‌కి మనం టికెట్ నంబర్ ఇచ్చినట్టే.

చివరికి దొరికిన కామన్ పాయింట్ మేత. ఆ పిల్లలన్నీ తిన్నది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క. అంటే పల్లీల నుంచి నూనె తీసేశాక మిగిలే పిప్పి, మన దగ్గర గేదెలకి పెడతామే, అదే. ఆ చెక్కకి బూజు పట్టి ఉంది. ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది విడుదల చేసే విషానికి ఆ పేరులోంచే ముక్కలు తీసుకుని అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అల్ట్రావయొలెట్ లైట్ కింద పెడితే కొన్ని రకాలు నీలంగా, కొన్ని పచ్చగా మెరుస్తాయి. బ్లూ కాబట్టి బి, గ్రీన్ కాబట్టి జి. బి1, బి2, జి1, జి2. వీటిలో అన్నింటికంటే ప్రమాదం బి1.

ఇంకో విషయం కూడా బయటపడింది. అదే చెక్కని ఎలుకలకి నెలల తరబడి పెడితే వాటి లివర్లలో క్యాన్సర్ వచ్చింది. అంటే ఎక్కువ తింటే వెంటనే చంపుతుంది, కొంచెం కొంచెంగా తింటే క్యాన్సర్ తెస్తుంది. ఒకే విషం, రెండు పద్ధతులు.

ఇది విని ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడాల్సింది ఎవరు? పల్లీలు పండించి, పల్లీలు తినే వాళ్లు. అంటే మనం.

తార్నాకలో కోతులు

హైదరాబాద్‌లో తార్నాక వైపు వెళ్లిన వాళ్లకి ఉస్మానియా యూనివర్సిటీ దగ్గర ఎన్‌ఐఎన్ తెలుసు కదా, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్. ఇది ముందు తమిళనాడు కూనూర్‌లో ఉండేది. 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. అప్పటి పేరు న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్. 1969లో ఇప్పటి పేరు వచ్చింది.

1960ల్లో మన దేశంలో పెద్ద సమస్య పిల్లల్లో ప్రొటీన్ లోపం. చవకగా ప్రొటీన్ ఎక్కడ దొరుకుతుంది అని వెతికితే అందరి చూపూ వేరుశనగ పిండి మీద పడింది. నూనె తీశాక మిగిలే పిండిలో ప్రొటీన్ బోలెడు. దాన్ని శుభ్రంగా తయారుచేసి బక్కచిక్కిన పిల్లలకి పెడదాం అని ఆలోచనలు నడుస్తున్న టైమ్ అది. సరిగ్గా అప్పుడే ఇంగ్లండ్ నుంచి టర్కీల వార్త. ఒక్కసారి ఊహించుకోండి, మందు అనుకుని ఇస్తున్నది విషం కావచ్చు అనే అనుమానం.

హైదరాబాద్‌లో తుల్పులే, మాధవన్, గోపాలన్ వెంటనే పని మొదలుపెట్టారు. చిన్న రీసస్ కోతులకి అఫ్లాటాక్సిన్ ఇచ్చి చూశారు. ఎక్కువ మోతాదు తిన్నవి వారాల వ్యవధిలో చనిపోయాయి, లివర్లు పాడైపోయి. ఆ ఫలితం 1964లో ది లాన్సెట్‌లో అచ్చయింది. తర్వాత 1972లో గోపాలన్, తుల్పులే, కృష్ణమూర్తి ఇంకో రిపోర్ట్ ఇచ్చారు. ఏళ్ల తరబడి అఫ్లాటాక్సిన్ ఇచ్చిన ఒక రీసస్ కోతికి లివర్ క్యాన్సర్ వచ్చింది అని. ఎలుకలో వచ్చింది కోతిలో కూడా వస్తుందా అనే ప్రశ్నకి తొలి జవాబుల్లో ఒకటి మన తార్నాక నుంచి వెళ్లింది. ఈ ముక్క మన స్కూల్ పుస్తకాల్లో నాకైతే ఎక్కడా కనిపించలేదు.

కానీ ఒక్క కోతి ఒక్క కోతే. "ఆ కోతికి ఎలాగూ వచ్చేదేమో" అని ఎవరైనా అనొచ్చు. ఆ అనుమానం తీరాలంటే కోతులు ఎక్కువ కావాలి, ఏళ్లు కూడా ఎక్కువ కావాలి. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1961లో సరిగ్గా అలాంటి ప్రాజెక్టే మొదలుపెట్టింది. రకరకాల రసాయనాలని కోతుల మీద పరీక్షించే దీర్ఘకాలిక ప్రాజెక్టు. ఎలుక రెండు మూడేళ్లలో ముసలిదైపోతుంది. రీసస్ కోతి బోనులో పాతికేళ్లు కూడా బతుకుతుంది. కాబట్టి జవాబు కోసం పాతికేళ్లయినా ఎదురుచూడాలి. స్ప్రింట్ రెండు వారాలు దాటితేనే మేనేజర్ ఫోన్ చేసే లోకం నుంచి వచ్చిన నాకు ఈ ఓపిక అర్థం కావడానికే టైమ్ పట్టింది.

ఆ ప్రాజెక్టులో అఫ్లాటాక్సిన్ భాగమే మనం మొదట్లో చెప్పుకున్న 47 కోతులు. చాలావరకు రీసస్, సైనోమోల్గస్ జాతులవి.

పేపర్ రాసిన వాళ్లలో ఇద్దరి గురించి ఒక్క మాట. పెలాయో కొరేయా కొలంబియాలో పుట్టిన పాథాలజిస్ట్. కడుపు క్యాన్సర్ ఒక్క రాత్రిలో పుట్టదు, మెట్టు మెట్టుగా వస్తుంది అని చూపించిన మనిషి, ఆ మెట్ల వరుసని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. డాల్‌గార్డ్ వెటర్నరీ డాక్టర్. 1989లో వర్జీనియాలోని రెస్టన్‌లో కోతుల బిల్డింగ్‌లో ఎబోలా జాతి వైరస్ బయటపడినప్పుడు అక్కడ ఉన్న పశువైద్యుడు ఈయనే.

టేబుల్ మీద కోతి

ఇప్పుడు అసలు ప్రశ్న. రక్తనాళాల క్యాన్సర్ అని ఎలా చెప్తారు?

నేను డాక్టర్‌ని కాదు, బీటెక్. కానీ డయాగ్నసిస్ అంటే ఒక రకంగా డీబగ్గింగే. ముందు లక్షణం చూడాలి, తర్వాత అనుమానితుల లిస్ట్ రాయాలి, ఒక్కొక్కరినీ కొట్టేస్తూ పోవాలి.

బతికున్న కోతిలో ఈ జబ్బు పెద్దగా అరిచి చెప్పదు. కోతి డల్‌గా ఉంటుంది, బరువు తగ్గుతుంది, పొట్ట ఉబ్బుతుంది, చిగుళ్లు పాలిపోతాయి. రక్తం తగ్గిందని టెస్టులో తెలుస్తుంది. ఇవన్నీ వంద జబ్బుల్లో ఉంటాయి. సూది గుచ్చి ముక్క తీద్దామా అంటే, ఇది రక్తంతో నిండిన గడ్డ. గుచ్చితే లోపల రక్తం కారడం మొదలై ఆగకపోవచ్చు. మనుషుల్లో కూడా డాక్టర్లకి ఇదే భయం. గడ్డ తనంతట తనే పగిలి కడుపులో రక్తం నిండిపోయి ప్రాణం పోవడం కూడా ఈ క్యాన్సర్‌లో జరుగుతుంది. అందుకే చాలాసార్లు అసలు జవాబు పోస్ట్‌మార్టం టేబుల్ మీదే దొరుకుతుంది.

ఇంకో చిక్కు ఉంది. మామూలు లివర్ క్యాన్సర్ పట్టుకోవడానికి ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్ష ఉంది, ఆల్ఫా ఫీటోప్రొటీన్. లివర్ కణం క్యాన్సర్‌గా మారినప్పుడు చాలా కేసుల్లో ఇది పెరుగుతుంది. కానీ రక్తనాళం గోడలోంచి వచ్చిన క్యాన్సర్ లివర్‌లో కూర్చున్నా అది లివర్ కణం కాదు కదా. అద్దెకున్న వాడు ఓనర్ ఆధార్ కార్డు చూపించలేడు. అందుకే ఏఎఫ్‌పీ మామూలుగానే ఉంటుంది. రిపోర్ట్ నార్మల్ అని ఊపిరి పీల్చుకుంటే తప్పులో కాలేసినట్టే.

పొట్ట తెరిచి చూస్తే లివర్ మీద నల్లటి ఎరుపు గడ్డలు కనిపిస్తాయి. కోస్తే స్పాంజిలా ఉంటుంది, రక్తం కారుతుంది. ఇక్కడ అనుమానితుల లిస్ట్ రాసుకుందాం.

మొదటిది, ఉత్త రక్తపు గడ్డ. దెబ్బ తగిలి రక్తం పేరుకుని ఉండొచ్చు. రెండోది, పీలియోసిస్ అనే స్థితి, లివర్ లోపల రక్తపు గుంటలు ఏర్పడతాయి, కానీ అది క్యాన్సర్ కాదు. మూడోది, హీమాంజియోమా, ఇది కూడా రక్తనాళాల గడ్డే గానీ సాధువు, పక్కవాళ్ల జోలికి వెళ్లదు. నాలుగోది, మామూలు లివర్ క్యాన్సరే లోపల రక్తస్రావం అయి ఇలా కనిపించడం. ఐదోది, ఇంకెక్కడో పుట్టి లివర్‌కి వలస వచ్చిన క్యాన్సర్. ఆరోది మన అసలు నిందితుడు. కంటితో చూస్తే వీళ్లందరూ ఒకేలా ఉంటారు.

కాబట్టి మైక్రోస్కోప్. ముక్కని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసి, వెంట్రుక కంటే సన్నటి పొరలుగా కోసి, రంగు వేస్తారు. హీమటాక్సిలిన్, ఇయోసిన్ అని రెండు రంగులు. కణం మధ్యలోని కేంద్రకం నీలంగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది. మామూలు రక్తనాళంలో లోపలి కణాలు నేల మీద పరిచిన చాపలా పల్చగా, ఒకే వరుసలో ఉంటాయి. సార్కోమాలో అవే కణాలు లావెక్కి, కేంద్రకాలు నల్లబడి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. విభజన జరుగుతున్న కణాలు ఎక్కువగా కనిపిస్తాయి. అన్నింటికంటే పెద్ద ఆనవాలు ఇది: పిచ్చెక్కినా సరే ఆ కణాలు తమ పాత ఉద్యోగం మర్చిపోవు. దారులు కట్టాలనే చూస్తాయి. వంకర టింకర గొట్టాలు, వాటిలో ఎర్ర రక్తకణాలు. లివర్ కణాల మధ్య ఉండే సన్నటి రక్తపు సందుల వెంటే పాకుతూ, లివర్ కణాలని ఒంటరి దీవుల్లా మిగిల్చి చంపేస్తాయి. సాధువైన హీమాంజియోమా ఇలా పాకదు. ఉత్త రక్తపు గడ్డలో ఈ కణాలే ఉండవు.

కొన్నిసార్లు ఆ గొట్టాలు కూడా సరిగా కనిపించవు, కణాలన్నీ దారపు కండెల్లా గుంపుగా ఉంటాయి. అప్పుడు వెండి రంగు వేస్తారు, రెటిక్యులిన్ స్టెయిన్ అంటారు. నాళం చుట్టూ ఉండే సన్నటి నార నల్లగా కనిపిస్తుంది. పిచ్చి కణాలు ఆ నల్ల గీత లోపల వైపు ఉన్నాయా, బయట వైపు ఉన్నాయా చూస్తారు. లోపల ఉంటే అవి నాళం లోపలి గోడ కణాలే.

కణానికి ఐడీ కార్డు

ఇక్కడ చరిత్ర గమ్మత్తుగా ఉంటుంది. 1964లో, అంటే మన తార్నాక పేపర్ వచ్చిన ఏడాదే, ఎవాల్డ్ వైబెల్, జార్జ్ పలాడే అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఒక వింత చూశారు. రక్తనాళం లోపలి కణాల్లో మాత్రమే చిన్న చిన్న కడ్డీల్లాంటి సంచులు ఉన్నాయి. వాటికి వైబెల్–పలాడే బాడీస్ అని పేరు వచ్చింది. కణంలో అవి కనిపిస్తే అది రక్తనాళపు కణం అని చెప్పడానికి గట్టి ఆధారం. పలాడేకి 1974లో నోబెల్ వచ్చింది, కణం లోపలి నిర్మాణం మీద చేసిన మొత్తం పనికి.

ఆ సంచుల్లో నిల్వ ఉండే ఒక ప్రొటీన్ పేరు వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్. రక్తం గడ్డ కట్టడానికి పనికొస్తుంది. దాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీని స్లైడ్ మీద వేస్తే రక్తనాళపు కణాలు రంగు తేలతాయి. ట్యూమర్ల డయాగ్నసిస్‌లో ఈ టెస్ట్ 1970ల చివర, 1980ల మొదట్లో వాడకంలోకి వచ్చింది. తర్వాత సీడీ31 అనే ఇంకో గుర్తు, ఆ తర్వాత ఈఆర్‌జీ. ఇప్పుడు ల్యాబ్‌లో కోతికి ఇలాంటి గడ్డ వస్తే ఈ టెస్టులు వేసి తేల్చేస్తారు. మనుషుల కోసం తయారుచేసిన చాలా యాంటీబాడీలు కోతి కణాల మీద కూడా పనిచేస్తాయి, అంత దగ్గరి చుట్టాలం మనం.

ఆ 13 ఏళ్ల ప్రాజెక్టు నడిచిన కాలంలో మాత్రం ఈ ఐడీ కార్డు స్కానర్లు చాలావరకు లేవు. అనుభవమున్న కళ్లు, రంగు వేసిన స్లైడ్లు, అంతే.

ఒక్కటైతే యాదృచ్ఛికం, మూడైతే?

ఇంత కష్టపడి "ఇది లివర్ కణం క్యాన్సర్ కాదు, రక్తనాళం క్యాన్సర్" అని తేల్చడం వల్ల వచ్చే లాభం ఏంటి? కోతి ఎలాగూ చనిపోయింది కదా?

లాభం అరుదుతనంలో ఉంది. ఒక యూజర్ ఫోన్‌లో యాప్ క్రాష్ అయితే వాడి ఫోన్‌దే ప్రాబ్లమ్ అనుకుంటాం. ముగ్గురికి ఒకే లైన్ దగ్గర, అది కూడా ఎప్పుడూ క్రాష్ కాని లైన్ దగ్గర క్రాష్ అయితే, ఇక కోడ్ తెరిచి చూడాల్సిందే. జబ్బు ఎంత అరుదైతే, గుంపుగా కనిపించినప్పుడు సాక్ష్యం అంత గట్టిది. తప్పు పేరు పెట్టేస్తే ఆ సాక్ష్యం మామూలు కేసుల కుప్పలో కలిసిపోతుంది.

దీనికి మనుషుల్లోనే ఒక ఉదాహరణ ఉంది, అదే కాలంలో. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరం. బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ ప్లాంట్‌లో పీవీసీ ప్లాస్టిక్ తయారుచేస్తారు, మన పైపులు చేసే ప్లాస్టిక్. దానికి ముడిసరుకు వినైల్ క్లోరైడ్ అనే గ్యాస్. ఆ ప్లాంట్‌తో సంబంధం ఉన్న డాక్టర్ జాన్ క్రీచ్ ఒక విషయం గమనించాడు. ఒకే ప్లాంట్‌లో పనిచేసిన వాళ్లు కొందరు లివర్ యాంజియోసార్కోమాతో చనిపోయారు. దేశం మొత్తం మీద ఏడాదికి పదుల్లో కూడా సరిగా కనిపించని క్యాన్సర్, ఒకే గేటు లోపల మళ్లీ మళ్లీ. 1974 జనవరిలో కంపెనీ ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పింది.

ఇందులో కడుపు మండే విషయం ఏంటంటే, ఇటలీలో బొలోన్యాకి చెందిన చేజరే మాల్టోని అప్పటికే ఎలుకల్లో ఇదే చూశాడు. వినైల్ క్లోరైడ్ పీల్చిన ఎలుకల లివర్లలో ఇదే యాంజియోసార్కోమా. ఆ పరిశోధనకి డబ్బు పెట్టిన యూరప్ కంపెనీలు, అమెరికా కంపెనీలు రహస్య ఒప్పందం చేసుకుని ఫలితాలని తమలో తాము ఉంచుకున్నాయి. ఎలుక చెప్పింది, కంపెనీలు విన్నాయి, కార్మికుడికి చెప్పలేదు. కేసులు బయటపడ్డాక అప్పటిదాకా 500 పీపీఎం ఉన్న పరిమితిని అమెరికా ప్రభుత్వం చివరికి 1 పీపీఎంకి దించింది. ఇండస్ట్రీ మూతపడుతుందని గోల చేశారు. మూతపడలేదు. మీ ఇంటి గోడలోని పైపే సాక్ష్యం.

అక్కడ ఎలుకకీ మనిషికీ ఒకే క్యాన్సర్. అఫ్లాటాక్సిన్ కథ ఇంత సూటిగా లేదు, అది నిజాయితీగా చెప్పుకోవాలి. కోతుల్లో రక్తనాళాల సార్కోమా 3 వచ్చాయి, గాల్‌బ్లాడర్, పిత్తనాళాల క్యాన్సర్లు 6, పాంక్రియాస్ వైపు 3, ఎముకల్లో 2, మూత్రాశయంలో 1. మనుషుల్లో మాత్రం అఫ్లాటాక్సిన్ ముఖ్యంగా తెచ్చేది మామూలు లివర్ కణాల క్యాన్సర్. అంటే కోతి మనకి "మీకు కూడా సరిగ్గా ఇదే వస్తుంది" అని చెప్పలేదు. "ఇది మన జాతి ఒంట్లో క్యాన్సర్ తేగలదు, ఎక్కడ తెస్తుందో మీరు చూసుకోండి" అని చెప్పింది.

ఎంత విషంతో చెప్పిందో తెలుసా? క్యాన్సర్ వచ్చిన కోతులకి ఇచ్చిన మొత్తం అఫ్లాటాక్సిన్ సగటున 709 మిల్లీగ్రాములు. సగటున 114 నెలల్లో, అంటే తొమ్మిదిన్నర ఏళ్లలో. ఒక్క గ్రాము కూడా కాదు. ఒక కోతికి అయితే 99 మిల్లీగ్రాములే సరిపోయింది.

మన దేశంలో మనుషులు తిన్న లెక్క

ఇది పేపర్ల మీద లెక్క. నేల మీద లెక్క కూడా ఉంది.

1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో భిల్లు గిరిజన గ్రామాల్లో కామెర్లు మొదలయ్యాయి. పొట్టలో నీరు చేరి మనుషులు చనిపోతున్నారు. 397 మందికి జబ్బు, 106 మంది మరణం. హైదరాబాద్ నుంచి ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు వెళ్లారు. అంటువ్యాధా అని చూస్తే, ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలు కూడా అలాగే చచ్చిపోయాయి. కారణం తడిసి బూజు పట్టిన మొక్కజొన్న. అకాల వర్షం పడి కంకులు తడిశాయి, సరిగా ఎండలేదు, ఇంట్లో వేరే గింజ లేదు. వాళ్లకి బూజు కనిపించలేదని కాదు. పారేస్తే తినడానికి ఇంకోటి లేదు, అంతే. ఆ గింజల్లో అఫ్లాటాక్సిన్ కిలోకి 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. మనుషులు రోజుకి 2 నుంచి 6 మిల్లీగ్రాములు, నెల రోజుల పాటు తిన్నారని అంచనా.

ఇప్పుడు ఈ అంకె ఇందాకటి కోతుల అంకె పక్కన పెట్టి చూడండి. కోతికి తొమ్మిదేళ్లలో కొలిచి కొలిచి ఇచ్చింది, ఆ భిల్లు కుటుంబాలు కొన్ని వారాల్లోనే చెప్పుకోదగ్గంత తినేశాయి. ల్యాబ్‌లో కోతి ఒప్పుకోలేదు, ఊళ్లో మనిషికి చెప్పలేదు.

తర్వాతి ఏళ్లలో ఆధారాలు ఇంకా బలపడ్డాయి. 1991లో లివర్ క్యాన్సర్ రోగుల కణాల్లో పీ53 అనే జీన్‌లో 249వ స్థానంలో ఒకే రకం మార్పు పదేపదే కనిపించింది, అది కూడా అఫ్లాటాక్సిన్ ఎక్కువగా ఉండే చైనా, దక్షిణాఫ్రికా ప్రాంతాల్లో. వేలిముద్ర లాంటిది అన్నమాట. 1992లో షాంఘైలో చేసిన స్టడీలో హెపటైటిస్ బి, అఫ్లాటాక్సిన్ రెండూ ఉన్నవాళ్లకి లివర్ క్యాన్సర్ ముప్పు ఏదీ లేనివాళ్ల కంటే దాదాపు 60 రెట్లు అని వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్‌ని గ్రూప్ 1లో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ఖాయంగా తెలిసిన వాటి లిస్ట్.

ఆ కోతులు ఎక్కడివి?

ఇంకో ప్రశ్న దాటేసి వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఆ కాలంలో ప్రపంచంలోని ల్యాబుల్లో ఉన్న రీసస్ కోతుల్లో చాలా భాగం మన దేశం నుంచి వెళ్లినవే. పోలియో వ్యాక్సిన్ కాలంలో ఏడాదికి వేలూ, పదివేలూ లెక్కన విమానాల్లో ఎగుమతి చేశాం. 1955లో లండన్ ఎయిర్‌పోర్ట్‌లో వందల కోతులు ఊపిరాడక చనిపోతే పెద్ద గొడవైంది. చివరికి మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978లో ఎగుమతిని పూర్తిగా ఆపేసింది.

మనకి కోతి అంటే ఒక పక్క ఆంజనేయస్వామి, ఇంకో పక్క పంట పాడు చేసే తలనొప్పి. ఈ రెండింటి మధ్యలో మూడో కోతి ఒకటుంది, నంబర్ వేసిన బోనులో తొమ్మిదేళ్లు కూర్చున్నది. ఆ ప్రయోగం తప్పా ఒప్పా అని తీర్పు చెప్పే స్థాయి నాకు లేదు. కానీ ఒక మాట గట్టిగా అనగలను. అంత ఖరీదు పెట్టి తెచ్చుకున్న జవాబుని మనం వాడుకోకపోతే మాత్రం అది ఖచ్చితంగా తప్పే.

మరి మన వంటింట్లో?

వాడుకోవడం అంటే ఏంటి? పల్లీలు మానేయమని కాదు. అనంతపురం రైతు పొట్ట కొట్టే మాట నేను చెప్పను. పల్లీ మంచిదే, బూజే చెడ్డది.

ఈ బూజు ఎక్కువగా పొలంలోనే మొదలవుతుంది. కాయ ఊరే టైమ్‌కి వాన మొహం చాటేసి భూమి బెట్టకి వస్తే చెట్టు నీరసపడుతుంది, ఫంగస్‌కి దారి దొరుకుతుంది. రాయలసీమలో ఇది ఏటా కథే. ఆ తర్వాత సరిగా ఎండకుండా బస్తాల్లో కట్టేస్తే ఇంకా పెరుగుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు ఏళ్లుగా దీని మీద పనిచేస్తున్నారు, తక్కువ ఖర్చుతో అఫ్లాటాక్సిన్ కొలిచే టెస్ట్ కిట్లు కూడా తయారుచేశారు. నేరుగా తినే పల్లీల్లో మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన పరిమితి కిలోకి 10 మైక్రోగ్రాములు, యూరప్‌లో 4. అందుకే మన సరుకు అక్కడి నుంచి అప్పుడప్పుడు వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చిన సరుకు ఎవరు తింటారు అనే ప్రశ్న మీకు కూడా వచ్చింది కదా? అది అడగాల్సిన ప్రశ్నే.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు కనిపించినవి వేయించే ముందే ఏరి పారేయండి. వేయిస్తే పోతుందిలే అనుకోకండి, ఈ విషం వేడికి సులభంగా లొంగదు, కొంతే తగ్గుతుంది. నోట్లో చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయమని మన నానమ్మలు ఊరికే చెప్పలేదు. గానుగ నూనె కొనేవాళ్లు ఎలాంటి కాయలు ఆడుతున్నారో చూసి కొనండి, ఎందుకంటే రిఫైనింగ్‌లో పోయే విషం గానుగలో పోదు. గేదెలకి బూజు పట్టిన చెక్క పెడితే ఆ విషం రూపం మార్చుకుని పాలల్లోకి వస్తుంది, కాచినా పోదు. ఇంట్లో చిన్నపిల్లలకి హెపటైటిస్ బి టీకా పడిందో లేదో ఒకసారి కార్డు తీసి చూడండి. రెండు ముప్పుల్లో ఒకదాన్ని ఆ టీకా చాలావరకు తీసేస్తుంది.

ఇవి చిన్న పనులే. కానీ వీటి వెనక తార్నాకలో ఒక ల్యాబ్ ఉంది, బాంస్వాడా, పంచమహల్ జిల్లాల్లో 106 మంది ఉన్నారు, బోనుల్లో 47 కోతులు ఉన్నాయి. అందులో మూడు గడ్డల దగ్గర ఎవరో ఒక పాథాలజిస్ట్ "ఇదీ లివర్ క్యాన్సరేలే" అని రాసేసి టీ తాగడానికి వెళ్లిపోకుండా, ఇంకోసారి స్లైడ్ చూశారు. సరైన పేరు రాశారు. నలభై ఏళ్లు దాటాక మనం ఇక్కడ కూర్చుని ఆ లెక్క చెప్పుకోగలుగుతున్నామంటే అందుకే.

మీ ఊళ్లో పల్లీలు ఎలా ఎండబెడతారు, ఎక్కడ నిల్వ చేస్తారు, చెడిపోయినవి ఏం చేస్తారు, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి. ముఖ్యంగా అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు వాళ్లు. అవన్నీ చదువుతాను. ఉంటాను మరి, తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం.